శాస్త్రవాక్యం ఉన్నదున్నట్టా, సంకేతమా? అందులో మన చేతిలో ఉన్నదెంత? – తరచుగా అడిగే ప్రశ్నలు

చిత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగే పద్దెనిమిది రోజులూ పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. తిరుపతిలో ధనుర్మాసం వస్తే తిరుప్పావై ప్రవచనాలు మొదలవుతాయి. కథ ముగిసి జనం లేచేటప్పుడు రెండు చోట్లా వినబడే సందేహాలు దాదాపు ఒకటే. ఇదంతా నిజంగా జరిగిందా, సంకేతమా? అంతా ముందే రాసిపెట్టి ఉంటే మనిషి చేసేదేముంది? ఏళ్ల తరబడి ఇవే తిరిగి తిరిగి వస్తున్నందువల్ల జవాబులను ఒకచోట చేర్చాం. రెండు ప్రశ్నలకూ మేము వాడే గీటురాయి ఒకటే: ఏ అర్థం తీసుకున్నా 'ఇది చెయ్యి, అది చేయకు' అన్న శాస్త్రం మాట వృథా కాకూడదు. ప్రతి ప్రశ్నకూ జవాబు దాని కిందే పూర్తిగా ఉంది కాబట్టి కావాల్సిన చోటికి నేరుగా వెళ్లవచ్చు.

## చదవడం మొదలుపెట్టే ముందు

పురాణంలో ఉన్నది ఉన్నట్టు నమ్మాలా, లేక అంతా సంకేతమేనా?

ముందు మాటకున్న సూటి అర్థమే తీసుకోవాలి. దాన్ని ముఖ్యార్థం అంటారు. దాన్ని వదిలి లక్షణార్థానికి, అంటే దానితో ముడిపడిన వేరే అర్థానికి, పోవాలంటే మన అలంకారశాస్త్రం మూడు షరతులు పెట్టింది. ముఖ్యార్థం అక్కడ పొసగకపోవాలి. కొత్తగా చెప్పే అర్థానికి ఆ ముఖ్యార్థంతో సంబంధం ఉండాలి. అట్లా అనడం లోకంలో వాడుకైనా అయి ఉండాలి, లేదా దానికొక ప్రయోజనమైనా ఉండాలి. శాస్త్రంలో ఉదాహరణ 'గంగాయాం ఘోషః', అంటే గంగలో గొల్లపల్లె. నీళ్లలో పల్లె ఉండదు, కాబట్టి గంగ ఒడ్డున అని అర్థం. ఒడ్డు అనకుండా గంగ అన్నది ఆ పల్లె చల్లదనం, పవిత్రత మనసుకు తోచాలని. మనమూ ఇట్లాగే మాట్లాడతాం. 'గరుడసేవ రోజు తిరుపతంతా కొండమీదే ఉంది' అంటాం. ఊరు కొండెక్కదు, జనం ఎక్కారు.

'నాకు నమ్మబుద్ధి కాలేదు' అన్నది ఈ మూడు షరతుల్లో లేదు. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. నచ్చినదాన్ని చరిత్ర అని, నచ్చనిదాన్ని సంకేతం అని విడగొట్టుకుంటే మనం గ్రంథాన్ని చదవడం మానేసి మన మనసునే చదువుకుంటున్నట్టు.

ముఖ్యార్థం పొసగకపోతే దాన్ని పూర్తిగా పారేయాలా?

అన్నిచోట్లా కాదు. గంగలో పల్లె అన్నప్పుడు 'నీటిలో' అన్న అర్థం పూర్తిగా పోతుంది. 'కాకులు రాకుండా పెరుగు చూసుకో' అన్నప్పుడు కాకి అన్న అర్థం పోదు, దానికి పిల్లీ కుక్కా కూడా చేరతాయి. కాకులనే అన్నారు కదా అని పిల్లిని వదిలేసే పిల్లవాడు అక్షరాన్ని పట్టుకుని మాటను వదిలేసినట్టు. మూడో రకంలో కొంత పోయి కొంత మిగులుతుంది. 'ఆ దేవదత్తుడే ఈయన' అన్నప్పుడు అప్పటి చోటు, అప్పటి వయసు పోతాయి, మనిషి మిగులుతాడు. అద్వైతులు 'తత్త్వమసి'కి (అది నువ్వే) అర్థం చెప్పేది ఈ మూడో దారిలోనే.

సంకేతార్థాలు చెప్పడం ఈమధ్య ఇంగ్లీషు చదువులవాళ్లు తెచ్చిపెట్టిందే కదా?

కాదు. వేదశబ్దాలకు అర్థం చెప్పిన యాస్కుడి నిరుక్తంలోనే ఈ చర్చ ఉంది. ఇంద్రుడు చంపిన వృత్రుడెవరు అని ప్రశ్న వేసుకుని, మేఘం అని నైరుక్తులు (మాటల పుట్టుకను బట్టి అర్థం చెప్పేవాళ్లు), త్వష్ట కొడుకైన అసురుడు అని ఐతిహాసికులు (పాత కథలను బట్టి చెప్పేవాళ్లు) అంటారని రెండు పక్షాలనూ ఆయన పక్కపక్కన పెట్టాడు. 7వ శతాబ్దంలో కుమారిలభట్టు తంత్రవార్తికంలో ఇంద్రుణ్ని సూర్యుడిగా, అహల్యను పగటిలో లీనమయ్యే రాత్రిగా వివరించాడు. వేదప్రామాణ్యం కోసం జీవితమంతా వాదించిన మీమాంసకుడాయన, అంటే వేదవాక్యాలకు అర్థం తేల్చే శాస్త్రం తెలిసినవాడు. సంకేతార్థం చెప్పినంత మాత్రాన ఆ మనిషికి నమ్మకం లేదనుకోవడం పొరపాటు.

ఏది సంకేతమో గ్రంథమే చెబుతుందా, మనమే ఊహించుకోవాలా?

చాలాచోట్ల గ్రంథమే చెబుతుంది. కఠోపనిషత్తు మొదటి అధ్యాయం మూడో వల్లిలో శరీరం రథం, ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనసు కళ్లెం, ఇంద్రియాలు గుర్రాలు అని ఏది ఏమిటో విప్పి చెప్పింది. భాగవతం నాలుగో స్కంధంలో పురంజనుడి కథ అంతకన్నా మంచి ఉదాహరణ. తొమ్మిది వాకిళ్ల పట్నం, దానికి కాపలాగా అయిదు తలల పాము, అందులో ఒక అందగత్తె, ఆమెకు దాసుడైపోయిన రాజు. నారదుడు ఈ కథ చెప్పి, ప్రాచీనబర్హి మహారాజుకు అర్థం కాకపోతే ఆ పట్నమే దేహమని, వాకిళ్లు కళ్లూ చెవులూ వగైరా అని, పాము ప్రాణమని తానే విప్పాడు. అయిదో స్కంధంలో సంసారాన్ని అడవిగా చెప్పిన భవాటవి కూడా ఇట్లాంటిదే.

ఈ రెండు మూడు చోట్లను బాగా చదివితే ఒక సంగతి తెలిసివస్తుంది. వ్యాసుడు సంకేతంగా చెప్పదలిస్తే తాళంచెవి కూడా చేతికిచ్చాడు. ఇవ్వనిచోట మనం తాళంచెవి తయారు చేసుకునే ముందు కాస్త ఆగాలి.

అర్థవాదం అంటే అబద్ధం అనేనా?

కాదు. విధిని, అంటే చేయమన్నదాన్ని, మెచ్చుకుంటూనో, నిషేధించినదాన్ని నిందిస్తూనో చెప్పే వాక్యం అర్థవాదం. మీమాంసకులు దాన్ని మూడుగా విడదీశారు. ప్రత్యక్షానికి విరుద్ధంగా ఉంటే గుణవాదం: 'ఆదిత్యో యూపః', యూపస్తంభమే (యజ్ఞంలో పాతే కొయ్య) సూర్యుడు అన్నారు. కొయ్య సూర్యుడు కాదు, దాని మెరుపును చెబుతున్నారు. మనకు ముందే తెలిసినది చెబితే అనువాదం: 'అగ్నిర్హిమస్య భేషజం', చలికి మందు నిప్పు. ఈ రెండూ కాకుండా, దేనికీ విరుద్ధం కాకుండా, వేరే దారిలో తెలియకుండా ఉన్నది భూతార్థవాదం: 'ఇంద్రుడు వృత్రుడి మీద వజ్రం ఎత్తాడు'. అర్థవాదం అనగానే అతిశయోక్తి అని కొట్టిపారేసేవాళ్లు మొదటి రకం ఒక్కటే చూసినవాళ్లు.

## చదువుతూ చిక్కుకున్నప్పుడు

కురుక్షేత్రం నిజంగా జరిగిన యుద్ధమా, మన లోపల జరిగే యుద్ధమా?

లోపలి యుద్ధమన్న పక్షానికి పెద్ద పేరే ఉంది. గాంధీజీ గీతను అట్లాగే చదివారు. పదమూడో అధ్యాయంలో 'ఇదం శరీరం కౌంతేయ క్షేత్రం' అని ఉంది కాబట్టి కురుక్షేత్రమంటే శరీరమే అని కొందరు ముడిపెడతారు. ఆ ముడి బలహీనం. క్షేత్రం అన్న మాట ఒకటే అయినా మొదటి అధ్యాయంలో అది ఒక ప్రదేశం, పదమూడులో అది నిర్వచనమిచ్చి చెప్పిన పారిభాషిక పదం. శంకరులు, రామానుజులు యుద్ధాన్ని యుద్ధంగానే ఉంచి, దాని మీదుగా వచ్చిన ఉపదేశానికి భాష్యం రాశారు. శంకరులైతే మొదటి అధ్యాయానికి భాష్యమే రాయలేదు, అర్జునుడి శోకం దాటి ఉపదేశం మొదలయ్యే చోట అందుకున్నారు.

మా అభ్యంతరం వేరే ఉంది. కౌరవులు నూరు దుర్గుణాలు, పాండవులు అయిదు సద్గుణాలు అని లెక్క కట్టేస్తే వికర్ణుణ్ని ఎక్కడ పెడతారు? నిండు సభలో ద్రౌపది పక్షాన లేచి మాట్లాడింది ధృతరాష్ట్రుడి కొడుకే. యుయుత్సుణ్ని ఎక్కడ పెడతారు? యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు 'మా పక్కకు వచ్చేవాళ్లు రావచ్చు' అని పిలిస్తే అన్నదమ్ములందరినీ వదిలి ఒంటరిగా అవతలికి నడిచాడు. దుర్గుణం పక్క మారదు. మనిషి మారతాడు. నూరుగురినీ ఒకే గుణానికి బొమ్మలు చేస్తే, భారతంలో మనిషి తన దారి తాను ఎంచుకున్న ఘట్టాలన్నీ కనబడకుండా పోతాయి. లోపలి యుద్ధంగా భావించుకుని ధ్యానం చేసుకోండి, మంచిదే. కథలోని మనుషుల్ని మాత్రం తుడిచేయకండి.

గజేంద్రుడంటే జీవుడు, మొసలి అంటే సంసారం. అంతే కదా?

ప్రవచనాల్లో వినిపించే అర్థం అది, చెడ్డదేమీ కాదు. కానీ భాగవతం ఎనిమిదో స్కంధం వాళ్లిద్దరికీ వెనుక కథ ఇచ్చింది. ఏనుగు అగస్త్యుడి శాపం తగిలిన ఇంద్రద్యుమ్నుడు, పాండ్యరాజు. మొసలి దేవలుడి శాపం తగిలిన హూహూ అనే గంధర్వుడు. పూర్వజన్మలో పేరూ తప్పూ ఉన్నవాళ్లను ఒట్టి గుర్తులనడం కష్టం.

ఇంకొక సంగతిని చాలామంది దాటేస్తారు. మూలంలో ఆ పెనుగులాట వెయ్యేళ్లు. పోతనగారి 'లావొక్కింతయు లేదు' దానికి తర్వాత వచ్చే మాట, ముందు వచ్చేది కాదు. ఉన్న బలమంతా పెట్టినవాడి నోట అది శరణాగతి. అసలు కాలే కదపనివాడు అదే పద్యం పాడితే అర్థం మారిపోతుంది.

అహల్య రాయి అవడం నిజమా?

ఏ గ్రంథాన్ని అడుగుతున్నారో ముందు తేల్చుకోండి. వాల్మీకి రామాయణం బాలకాండ నలభై ఎనిమిదో సర్గలో అహల్య రాయి కాలేదు. గాలే ఆహారంగా, బూడిదలో పడి, ఎవరికీ కనబడకుండా తపిస్తూ ఉండమన్నది గౌతముడి శాపం. రాయి కథ తర్వాతి రామాయణాల్లోది. ఇంకా ముఖ్యమైన తేడా: వచ్చినవాడు ముని వేషంలో ఉన్న ఇంద్రుడని ఆమెకు తెలుసని వాల్మీకి స్పష్టంగా రాశాడు. తర్వాతి కథల్లో ఆమె మోసపోయింది. వాల్మీకిలో ఆమె తెలిసి అడుగు వేసింది, దాని ఫలితం అనుభవించింది, తపస్సుతో బయటపడింది. 'ఉన్నది ఉన్నట్టు నమ్ముతాం' అనేవాళ్లలో చాలామంది నమ్మేది మూలంలో ఉన్నది కాదు, సినిమాలో చూసింది.

ఏడుకొండలు నిజంగా ఆదిశేషుడి పడగలేనా? రాళ్లు అని సైన్సు చెబుతోంది కదా?

సైన్సు చెప్పేది నిజమే. తిరుమల కొండలు క్వార్ట్‌జైట్ శిల. శిలాతోరణం దగ్గర ఆ పొరలు కంటికే కనబడతాయి. కనుమ దారిలో గ్రానైటు మీద క్వార్ట్‌జైట్ ఆనుకున్న చోట, ఆ రెండు శిలల మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉందని భూగర్భశాస్త్రవేత్తలు చెబుతారు. ప్రత్యక్షానికి విరుద్ధంగా ఉన్న స్తుతి గుణవాదం అవుతుందని మీమాంసకుల నియమం. కాబట్టి శేషాద్రి అన్న మాటకు భక్తుడు సైన్సుతో పోట్లాడాల్సిన పని లేదు.

అట్లాగని అది ఉత్త అలంకారమూ కాదు. కొండే శేషుడు కాబట్టి పాదం మోపరాదని రామానుజులు మోకాళ్ల మీద ఎక్కారని సంప్రదాయం. మోకాళ్ల మిట్ట పేరు అట్లా వచ్చిందంటారు. శేషుడన్న భావన ఆ దారిలో నడిచేవాడి నడతను మారుస్తుంది. ప్లాస్టిక్ సీసా విసిరే ముందు చెయ్యి ఆగుతుంది. ఆ మాట పనిచేసేది అక్కడ.

స్వామి కుబేరుడి అప్పు తీరుస్తున్నాడంటే, హుండీలో వేసేది వడ్డీనా?

భవిష్యోత్తర పురాణంలోదిగా చెప్పే వేంకటాచల మాహాత్మ్యంలో పద్మావతీ పరిణయానికి శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు తీసుకున్నాడని, బ్రహ్మ, శివుడు, అశ్వత్థవృక్షం సాక్షులని ఉంది. వడ్డీకాసులవాడు అన్న పిలుపు వెనుక ఉన్నది ఈ కథే. దీన్నుంచి 'ఇంత వెయ్యకపోతే స్వామికి అప్పు మిగులుతుంది' అన్న లెక్క తీయకూడదు. కథ ఎక్కడా భక్తుడి మీద బాకీ వేయలేదు. లక్ష్మీపతి అప్పుపత్రం రాసిచ్చే దాకా దిగివచ్చాడన్న సౌలభ్యం, అంటే సులభంగా అందే గుణం, ఈ కథకు ప్రాణం. మీ మీద నిజంగా ఉన్న బాకీ మీరు మొక్కుకున్న మొక్కు ఒక్కటే. అది మీరు కోరి పెట్టుకున్నది కాబట్టి తీర్చాలి.

ఒకే కథ రెండు పురాణాల్లో రెండు రకాలుగా ఉంటే ఏది నమ్మాలి?

కల్పభేదం, అంటే ఒక్కో సృష్టికాలంలో ఒక్కోలా జరిగింది, అని పెద్దలు చెప్పే సమాధానం ఉంది. ఆచరణలో మేము చెప్పేది: రెండింటినీ కలిపి మూడో కథ తయారు చేయకండి. ఏ గ్రంథం చదువుతున్నారో దాని లోపలే అర్థం వెతకండి.

ఒక అధ్యాయం అసలు తాత్పర్యం పట్టుకోవడానికి పద్ధతి ఏమైనా ఉందా?

ఉంది. ఆరు గుర్తులు, షడ్లింగాలు అంటారు: మొదలూ ముగింపూ ఒకటిగా ఉండడం (ఉపక్రమోపసంహారాలు), మళ్లీ మళ్లీ చెప్పడం (అభ్యాసం), వేరే చోట తెలియనిది చెప్పడం (అపూర్వత), ఫలం, మెచ్చుకోలు (అర్థవాదం), యుక్తి (ఉపపత్తి). గీతకు మొదటి గుర్తు వేసి చూడండి. ఉపదేశం 'అశోచ్యానన్వశోచస్త్వం' అని శోకంతో మొదలై 'మా శుచః' అని శోకం వదలమనడంతో ముగుస్తుంది. వినేవాడి వైపు నుంచి చూస్తే 'న యోత్స్యే', యుద్ధం చేయను అన్నవాడు చివర 'కరిష్యే వచనం తవ', నీ మాట చేస్తాను అన్నాడు. చేయను, చేస్తాను అనే రెండు మాటలూ అర్జునుడివే. శ్లోకం ఒకటి నడుమలోంచి పీకి గోడమీద రాసినప్పుడు పోయేది ఈ చట్రమే.

## విధి, కర్మ, స్వేచ్ఛ

శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. మరి నేను చేసిన పాపం ఎవరిది?

మీదే. బ్రహ్మసూత్రాలు రెండో అధ్యాయం మూడో పాదంలో దీన్ని మూడు మెట్లుగా తేల్చాయి. 'కర్తా శాస్త్రార్థవత్త్వాత్': జీవుడు కర్త, కాకపోతే శాస్త్రం ఎవరికి చెబుతున్నట్టు? 'పరాత్తు తచ్ఛ్రుతేః': ఆ కర్తృత్వశక్తి పరమాత్మ నుంచి వచ్చింది. 'కృతప్రయత్నాపేక్షస్తు': అయినా ఆయన జీవుడు చేసిన ప్రయత్నాన్ని బట్టే నడిపిస్తాడు, లేకపోతే విధులూ నిషేధాలూ వృథా అవుతాయి.

శంకరులు వాన ఉపమానం చెప్పారు. వాన అన్ని పైర్లకూ ఒకటే, వరి వరిగా యవలు యవలుగా పండేది విత్తనాన్ని బట్టి. రామానుజులు ఉమ్మడి ఆస్తి ఉపమానం ఇచ్చారు. ఇద్దరికీ హక్కున్న సొమ్మును ఒకడు మూడోవాడికి ఇవ్వాలంటే రెండోవాడి అనుమతి కావాలి. అనుమతి లేకపోతే పని జరగదు. కానీ ఇవ్వాలనుకున్నది మొదటివాడు, ఫలమూ అతడిదే. ఉమ్మడి పట్టా భూములతో తిప్పలు పడినవాళ్లకు ఇంతకన్నా విప్పి చెప్పనక్కర్లేదు.

చీమ సామెతను మనం ఎప్పుడు వాడతామో గమనించండి. మన జేబు కొట్టినవాడి విషయంలో ఎవరూ ఈ సామెత చెప్పరు, నేరుగా పోలీసు స్టేషనుకు పోతారు.

గీతలో భగవంతుడు అందర్నీ యంత్రంమీది బొమ్మల్లా తిప్పుతాడని ఉంది కదా, ఇంక స్వేచ్ఛ ఎక్కడిది?

'భ్రామయన్ సర్వభూతాని యంత్రారూఢాని మాయయా' పద్దెనిమిదో అధ్యాయం 61వ శ్లోకం. రెండు శ్లోకాలు దాటి 63వ దానికి రండి: 'విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు'. అంతా బాగా ఆలోచించి నీకెట్లా తోస్తే అట్లా చెయ్యి. బొమ్మతో ఎవరూ ఇట్లా మాట్లాడరు. కాబట్టి యంత్రం అన్నది ఉపమానం, దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే పక్క శ్లోకమే అర్థం లేకుండా పోతుంది.

అదే అధ్యాయం 14వ శ్లోకం ఏ పనికైనా అయిదు కారణాలు చెప్పింది: అధిష్ఠానం (శరీరం), కర్త, కరణాలు, వేర్వేరు చేష్టలు, అయిదవది దైవం. దైవం అయిదింటిలో ఒకటి. కర్త కూడా ఒకటి.

ఇంకా సూటి జవాబు మూడో అధ్యాయంలో ఉంది. మనిషి ఇష్టం లేకున్నా ఎవరో బలవంతంగా తోసినట్టు పాపం ఎందుకు చేస్తాడని అర్జునుడు అడిగాడు. 'నేనే చేయిస్తాను' అని కృష్ణుడు అనలేదు. 'కామ ఏష క్రోధ ఏష' అన్నాడు, ఇంద్రియాలను ముందుగా అదుపులో పెట్టు అని పని కూడా చెప్పాడు. ప్రశ్నలో 'బలాదివ' అన్నచోట ఆ 'ఇవ'ను వదలకండి. తోసినట్టు అన్నాడు, తోస్తే అనలేదు.

'నిమిత్తమాత్రం భవ' అంటే మనం ఉత్త పనిముట్లమనే కదా?

పదకొండో అధ్యాయంలోని ఆ శ్లోకం 'తస్మాత్త్వముత్తిష్ఠ', కాబట్టి నువ్వు లే, అని మొదలవుతుంది. లేవడమూ, నిమిత్తం కావడమూ రెండూ అర్జునుడు చేయాల్సిన పనులే. గెలిచింది నేనే అన్న గర్వాన్ని తీసేసే మాట అది. చేయడం మానేయమన్న మాట కాదు.

ద్రౌపదే అన్నది కదా, మనం కొయ్యబొమ్మలం, దేవుడు ఆడిస్తాడని?

అన్నది, వనపర్వంలో. అన్నప్పటి స్థితి చూడండి. జూదంలో అన్నీ పోయి, సభలో అవమానపడి, అడవిలో కూర్చున్న మనిషి. ధర్మం చేసిన భర్తకే ఈ గతి పడితే ఇదేం న్యాయమని నిలదీస్తూ అన్న మాట. దానికి ధర్మరాజు జవాబిచ్చాడు. నీ మాట అందంగా ఉంది కానీ నాస్తికుల మాటలా ఉందని, ఫలం కోసం ధర్మాన్ని పిండుకోకూడదని చెప్పాడు. ద్రౌపది కూడా ఆ తర్వాత మాట మార్చి, పని చేయాల్సిందేనని, రైతు దున్ని విత్తి వానకోసం చూసినట్టు మనమూ చూడాలని వాదించింది.

ఆమె బాధ నిజం, ఆ బాధను గ్రంథం దాచలేదు. కానీ బాధలో ఒక పాత్ర అన్నది గ్రంథం సిద్ధాంతం కాదు. 'భారతంలో ఉంది' అని ఎవరన్నా అంటే, ఎవరు ఎవరితో అన్నారు, దానికి జవాబు వచ్చిందా అని అడగండి.

మా అవ్వ అన్నిటికీ 'తలరాత' అంటుంది. కర్మసిద్ధాంతం అంటే అదేనా?

అవ్వ చెప్పేది కర్మలో మూడో వంతు. సంచితం కూడబెట్టుకున్నది, అంబులపొదిలో ఉన్న బాణం. ప్రారబ్ధం ఇప్పుడు అనుభవానికి వచ్చింది, వింటినుంచి వెళ్లిపోయిన బాణం. ఆగామి ఇప్పుడు చేస్తున్నది, వేళ్లమధ్య ఉన్న బాణం. వెళ్లినదాన్ని ఆపలేం, తలరాత అన్న మాట దానికి వర్తిస్తుంది. చేతిలో ఉన్నదానికి వర్తించదు. పోయినదాని గురించి తలరాత అని అవ్వ ఓదార్చుకుంటే ఎదురు మాట్లాడకండి. పరీక్షకు ముందురోజు మనవడు అదే మాట అంటే మాత్రం ఒప్పుకోకండి.

దైవం గొప్పదా, పురుషకారం (మనిషి ప్రయత్నం) గొప్పదా?

ఒక్కో గ్రంథం ఒక్కో బరువు వేసింది, అన్నీ ఒకటే అనడం సరికాదు. యాజ్ఞవల్క్య స్మృతి: ఒంటి చక్రంతో రథం నడవనట్టే పురుషకారం లేకుండా దైవం ఫలించదు. పైగా దైవమంటే పూర్వదేహంలో చేసిన పౌరుషమే అని నిర్వచనమిచ్చింది. అనుశాసనపర్వంలో భీష్ముడు: పురుషకారం పొలం, దైవం విత్తనం. మన మెట్టపొలాల్లో వేరుశెనగ వేసేవాళ్లకు ఇది అర్థమైనట్టు ఇంకెవరికీ కాదు. దున్నని నేలలో ఎంత మంచి విత్తనమైనా వృథా. విత్తనం లేకుండా ఎంత దున్నినా అంతే.

రామాయణం అయోధ్యకాండలో అన్నదమ్ములే విడిపోయారు. కైక మనసు మారింది దైవం వల్లేనని రాముడు, దైవాన్ని పట్టుకునేవాడు పిరికివాడని లక్ష్మణుడు. రాముడికి వసిష్ఠుడు ఉపదేశించిన యోగవాసిష్ఠం అన్నిటికన్నా తెగువగా పురుషకారం వైపు నిలబడింది. వెనుకటి జన్మ ప్రయత్నమూ ఇప్పటి ప్రయత్నమూ రెండు పొట్టేళ్లలా ఢీకొంటాయి, బలమున్నది గెలుస్తుంది అని. ఈ వాసిష్ఠాన్ని ద్విపదలో తెలుగు చేసింది మన తరిగొండ వెంగమాంబ. బాలవితంతువై, ఊరి కట్టుబాట్లకు తల వంచక కొండెక్కిన కవయిత్రి ఆ గ్రంథాన్నే ఎంచుకోవడం మాకు యాదృచ్ఛికంగా తోచదు.

శరణాగతి చేశాక ఇంక ప్రయత్నం ఎందుకు?

శ్రీవైష్ణవంలో దీనిమీదే రెండు దారులు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది, వడకలై పక్షం. పిల్లికూనను తల్లే నోట కరుచుకుపోతుంది, తెంకలై పక్షం. రెండూ మోక్షానికి ఉపాయం ఏది అన్న చర్చకు చెప్పినవి. ఉద్యోగం, వైద్యం, చదువు మానేయమని ఏ పక్షమూ చెప్పలేదు. శరణాగతికి చెప్పిన ఆరు అంగాల్లో మొదటి రెండూ స్వామికి అనుకూలంగా ఉంటానన్న సంకల్పం, ప్రతికూలమైనవి వదలడం. రెండూ నిర్ణయాలే.

జాతకంలో ఉన్నది జరిగి తీరుతుందా?

జ్యోతిషశాస్త్రం రాసిన వరాహమిహిరుడు చెప్పింది ఇంతే: పూర్వజన్మలో కూడబెట్టిన కర్మఫలాన్ని ఈ శాస్త్రం చీకట్లో వస్తువులను దీపం చూపినట్టు చూపుతుంది. దీపం వస్తువును పుట్టించదు.

నేనేం చేస్తానో దేవుడికి ముందే తెలిస్తే, నేను వేరేలా చేయలేను కదా?

పంచాంగంలో రాసినందువల్ల గ్రహణం పట్టదు, పట్టబోతోంది కాబట్టి రాశారు. తెలియడం వేరు, చేయించడం వేరు. ఈ ఉదాహరణ సగం దూరమే వస్తుంది, ఎందుకంటే చంద్రుడికి ఎంపిక లేదు, మనిషికి ఉంది. మిగతా సగానికి పెద్దల సమాధానం: ఈశ్వరుడి జ్ఞానంలో నీ పని ఒక్కటే లేదు, 'నువ్వు ఎంచుకుని చేసిన పని'గా ఉంది. ఆ ఎంపికను తీసేస్తే ఆయనకు తెలిసిన సంగతే మారిపోతుంది.

## ఇంట్లో, ఆచరణలో

కన్నప్ప మాంసం పెట్టాడు, కన్ను ఇచ్చాడు. మనమూ అట్లా చేయవచ్చా?

కూడదు. జరిగినది వేరు, చేయమన్నది వేరు. శ్రీకాళహస్తి కథను అక్షరాలా జరిగిందని నమ్మేవాళ్లు కూడా ఆలయంలో పూజ ఆగమం ప్రకారమే జరగాలంటారు. ఇందులో వైరుధ్యం లేదు. కథకు ముఖ్యార్థం ఇచ్చినంత మాత్రాన అది విధి అయిపోదు. విధికి 'చేయాలి' అన్న క్రియ ఉండాలి.

తప్పు చేసి 'అంతా స్వామే ఆడించాడు' అని మొక్కుకుంటే సరిపోదా?

కాణిపాకం పక్కన పారే బాహుదా నదికి మనవాళ్లు చెప్పుకునే కథ వినండి, భారతం శాంతిపర్వంలో ఉంది. లిఖితుడు అన్న శంఖుడి ఆశ్రమంలో అడగకుండా పండ్లు తిన్నాడు. దొంగతనమే, రాజు దగ్గరికి పోయి శిక్ష అడుగు అన్నాడు అన్న. సుద్యుమ్న మహారాజు శిక్షించే అధికారముంటే క్షమించే అధికారమూ ఉందంటూ వదిలేయబోయాడు. లిఖితుడు ఒప్పుకోలేదు, శిక్షే కావాలన్నాడు. చేతులు పోయాయి. తర్వాత అన్న చెప్పినట్టు బాహుదలో మునిగితే చేతులు తిరిగి వచ్చాయి. ముందే నీ తపస్సుతో శుద్ధి చేయకూడదా అని తమ్ముడు అడిగితే, దండించే పని నాది కాదు, రాజుది అన్నాడు శంఖుడు.

చేతులు మొలవడాన్ని మీరు ఎట్లా తీసుకున్నా సరే, వరుస మాత్రం మారదు: ఒప్పుకోలు, శిక్ష, ఆ తర్వాత స్నానం. మొదటి రెండూ ఎగ్గొట్టి మూడోది మాత్రం చేసేవాళ్లకు ఈ కథలో ఆధారం లేదు.

పిల్లలు 'హనుమంతుడు నిజంగా సూర్యుణ్ని పండనుకున్నాడా' అంటే ఏం చెప్పాలి?

'వాల్మీకి అట్లా రాశాడు' అని చెప్పండి, అది నిజం. సూర్యుడి కొలతలు అడిగితే అవీ దాచకుండా చెప్పండి. 'దేవుడి విషయంలో ప్రశ్నలేంటి' అని నోరు మూయించడం, 'అంతా కట్టుకథ' అని తేల్చేయడం, రెండూ పిల్లవాణ్ని పుస్తకానికి దూరం చేస్తాయి.

మిగతా మతాల్లోనూ ఈ గొడవ ఉందా?

ఉంది. సూర్యుడు లేని మొదటి మూడు రోజుల్లో ఉదయం, సాయంత్రం ఎట్లా వచ్చాయని 3వ శతాబ్దంలోనే ఆరిజెన్ అనే క్రైస్తవ పండితుడు బైబిల్ గురించి అడిగాడు. ఖురాన్ మూడో సూరా ఏడో ఆయతు స్పష్టమైన వాక్యాలు, బహ్వర్థాల వాక్యాలు అని రెండు రకాలు చెప్పింది. మనిషి స్వేచ్ఛ మీద ఇస్లాంలోని రెండు పక్షాలు, ముతజిలీలు, అష్అరీలు శతాబ్దాలు వాదించుకున్నారు.

తిరుపతిలో ఉంటూ ఇవన్నీ పద్ధతిగా చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరిని అడగాలి?

ముందు కఠోపనిషత్తు రథ కల్పన, తర్వాత భాగవతంలో పురంజనోపాఖ్యానం. గ్రంథమే విప్పి చెప్పిన సంకేతాలతో మొదలుపెడితే కన్ను కుదురుకుంటుంది. ఆ తర్వాత గీత 2, 3, 18 అధ్యాయాలు ప్రతిపదార్థంతో, ఆపై వనపర్వంలో ద్రౌపదీ యుధిష్ఠిర సంవాదం. రోజుకు పది శ్లోకాలు మించి వద్దు. నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసుకోండి: ఎవరి మాట, ఎవరితో, ముందు వెనుక ఏముంది, ఇందులో చేయమన్నది ఏమైనా ఉందా.

1961లో విద్యాపీఠంగా మొదలై 2020 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయంగా ఉన్న జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉంది. అద్వైతం, విశిష్టాద్వైతం, ద్వైతం వేర్వేరు విభాగాలుగా బోధిస్తారు. ఒకే శ్లోకాన్ని మూడు విభాగాల్లోనూ అడగడం మంచి పద్ధతి, ఎక్కడ కలుస్తారో ఎక్కడ విడిపోతారో తెలుస్తుంది. వెళ్లేటప్పుడు 'ఎక్కడో విన్నాను' అని కాకుండా గ్రంథం పేరు, అధ్యాయం, శ్లోకసంఖ్య కాగితం మీద రాసుకుని వెళ్లండి. వాట్సాప్‌లో వచ్చిన శ్లోకమైతే ముందు అది మూలంలో ఉందో లేదో చూసుకోండి. లేనిదానికి అర్థం అడిగి పండితుల సమయం, మీ సమయం పోగొట్టుకోవద్దు.